అతుకుల బొంత స్లాట్ మెషీన్: ఏ భాగం ఎక్కడిదో కనిపెట్టడం ఎలా?

అమెరికాలో పాత స్లాట్ మెషీన్లు (నాణెం వేసి హ్యాండిల్ లాగితే బొమ్మల చక్రాలు తిరిగే జూదం మెషీన్లు) కొనేవాళ్లు మొట్టమొదట చేసే పని సీరియల్ నంబర్ వెతకడం. ఆ నంబర్‌ని ఏదో జాబితాలో చూసుకుని "నాది 1931 మెషీన్" అని ఫ్రేమ్ కట్టించుకున్నంత పని చేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ నంబర్ ఏ ముక్క మీద ఉందో ఆ ముక్క వయసు మాత్రమే చెబుతుంది, మిగతా వాటి గురించి దానికేం తెలియదు. ఈ మెషీన్లలో నూటికి నూరుపాళ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మిగిలినవి చాలా తక్కువ. వాటిని బార్లలో, సిగార్ షాపుల్లో పెట్టి నడిపిన ఆపరేటర్లు ఏది పాడైతే అది పీకి, దొరికింది బిగించి, మళ్లీ సోమవారానికల్లా పనిలో పెట్టేవాళ్లు. ఆ తర్వాత పాత మెషీన్లు సేకరించేవాళ్లు చేతులు పెట్టారు. కాబట్టి అడగాల్సింది "ఈ మెషీన్ ఏ సంవత్సరంది?" అని కాదు, "ఇందులో ఏ ముక్క ఏ సంవత్సరంది, అవి ఎప్పుడు కలిశాయి?" అని.

కావాల్సినవి: మంచి టార్చి, అయస్కాంతం, వెర్నియర్ కాలిపర్, చిన్న అద్దం, సరైన సైజు మైనస్ స్క్రూడ్రైవర్లు, ఫోన్, పెన్సిలు, జిప్ కవర్లు. అంతే. పాలిష్, ఇసుక కాగితం, వైర్ బ్రష్ ఆ గదిలోకే తేవద్దు. మీరు కనిపెట్టాల్సిన సాక్ష్యమంతా ఆ మురికిలోనే ఉంటుంది, పైగా పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ.

ఇంకోమాట, కొనేముందే మీ రాష్ట్ర చట్టం చూసుకోండి. కాలిఫోర్నియాలో 25 ఏళ్లు దాటిన మెషీన్‌ని ఇంట్లో పెట్టుకోవచ్చు, కొన్ని రాష్ట్రాల్లో ఎంత పాతదైనా ఒప్పుకోరు.

మొదటి పని: ఫోటోలు

నాలుగు వైపులా, పైన, కింద, వెనక తలుపు తీసి లోపల. ఏదీ విప్పకముందే తీయాలి. ఐదు నిమిషాల పని, బద్ధకించకండి.

రెండో పని: మెకానిజం బయటికి తీయడం

చాలా మెషీన్లలో వెనక తలుపు తీస్తే మెకానిజం మొత్తం ఒక్క ముక్కగా వెనక్కి జారి వచ్చేస్తుంది. అలా జారి రావడం వల్లే ఇన్ని కలగూరగంపలు తయారయ్యాయి, ఒకదాని కేసులోకి ఇంకోదాని మెకానిజం నిమిషంలో ఎక్కేస్తుంది. లోపల చెయ్యి ఉండగా హ్యాండిల్ లాగకండి, ఎవర్నీ లాగనివ్వకండి. ఆ స్ప్రింగులు వేలిని నుజ్జు చేయగలవు. మెషీన్ మొత్తం బరువు 35, 40 కిలోల దాకా ఉంటుంది కాబట్టి ఇద్దరు పట్టుకోండి.

మూడో పని: ఏ కంపెనీ వాళ్లదో తేల్చుకోవడం

ఇది అందరూ అనుకునేంత కష్టం కాదు. చికాగోలో మిల్స్, జెన్నింగ్స్, వాట్లింగ్, పేస్, డెట్రాయిట్‌లో కేల్ బ్రదర్స్. మీ చేతికొచ్చే మెషీన్ దాదాపుగా వీళ్లలో ఒకరిదై ఉంటుంది. పైభాగంలో నాణేలు వంపు తిరిగిన అద్దం కింద వరసగా దొర్లుతూ కనిపిస్తే అది వాట్లింగ్ వాళ్ల రోలటాప్, 1935 నుంచి వచ్చింది. ముందుభాగంలో రెక్కలు చాచిన గద్ద ఉంటే మిల్స్ వార్ ఈగిల్, 1931. బెల్-ఓ-మాటిక్ అనే పేరు కనిపిస్తే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి మిల్స్ మెషీన్. రెడ్ ఇండియన్ నాయకుడి బొమ్మ ఉంటే జెన్నింగ్స్ చీఫ్ కుటుంబం. అయస్కాంతం పెట్టి చూడండి, కేసు మొత్తం పోత ఇనుమైతే తొలి తరం మెషీన్ కావచ్చు. ఓక్ చెక్క కేసు మీద అల్యూమినియం ముఖం, అంటే పోత పోసిన ముందు పలక, ఉంటే ఆ తర్వాతి కాలానిది.

ముఖం ఒక కంపెనీది, మెకానిజం ఇంకో కంపెనీది అయినంత మాత్రాన మోసం అనుకోకండి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. 1920ల చివర్లో జాక్‌పాట్‌కి, అంటే ఒక్కసారిగా దక్కే పెద్ద బహుమతికి, గిరాకీ రాగానే పాత మిల్స్ మెషీన్లకు తగిలించే జాక్‌పాట్ ముఖాలను వేరే కంపెనీలు తయారుచేసి అమ్మాయి. తర్వాత జ్యూక్‌బాక్సులతో పేరు తెచ్చుకున్న రాక్-ఓలా అలా మొదలైనవాళ్లలో ఒకరు. బక్లీ అనే చికాగో కంపెనీ మిల్స్ మెషీన్లను కొత్త ముఖంతో తిరగకట్టి క్రిస్-క్రాస్ పేరుతో అమ్మింది. అంటే బక్లీ ముఖం వెనక మిల్స్ మెకానిజం ఉండటమే సరైన పద్ధతి. 1950ల చివర్లో జపాన్‌లో సెగా వాళ్లు మిల్స్ వాళ్ల హైటాప్ మోడల్‌ను దాదాపు అచ్చుగుద్దినట్టు చేశారు. ఇవాళ వీడియో గేముల సెగా అంటే ఆ సెగానే. 1951 జనవరిలో జాన్సన్ యాక్ట్ వచ్చి జూదం మెషీన్లను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించడాన్ని దాదాపు ఆపేసింది, అందుకే వ్యాపారం దేశం బయటికి పాకింది. సెగా భాగాలు, మిల్స్ భాగాలు చాలావరకు ఒకదాంట్లో ఒకటి పడతాయి కాబట్టి మిల్స్ మెకానిజంలో సెగా ముక్కలు తరచూ కనిపిస్తాయి. వదలకుండా రాసుకోండి.

నాలుగో పని: నాణెం సైజు తనిఖీ

అమెరికా నాణేల్లో నికెల్ (5 సెంట్లు) వ్యాసం 21.21 మిల్లీమీటర్లు, డైమ్ (10 సెంట్లు) 17.91, క్వార్టర్ (25 సెంట్లు) 24.26, హాఫ్ డాలర్ 30.61. పైన నాణెం వేసే చోటు, ఎస్కలేటర్ (వేసిన నాణేలు వరసగా కనిపించే దారి), కాయిన్ ట్యూబ్ (నాణేలు దొంతరగా నిలిచే గొట్టం), కింద నాణేలు బయటికి నెట్టే స్లైడ్స్, ఈ నాలుగూ ఒకే నాణేనికి సరిపోవాలి. పైన క్వార్టర్ పట్టి కింద స్లైడ్ కన్నాలు నికెల్ సైజులో ఉంటే మెషీన్ మారింది, ఇందులో వాదనకు తావులేదు. రీల్ స్ట్రిప్పులు (తిరిగే రీళ్ల చుట్టూ అంటించే బొమ్మల కాగితం పట్టీలు), పే కార్డు (ఏ బొమ్మల కలయికకి ఎంత బహుమతో రాసిన కార్డు) కొత్తవైతే పట్టించుకోకండి, కాగితం ఎన్నేళ్లని నిలబడుతుంది? కానీ పే కార్డులో రాసిన బహుమతులు, ఆ పట్టీల కింద ఉండే రీల్ చట్రాల కన్నాలు ఇచ్చే బహుమతులు కలుస్తున్నాయో లేదో చూడండి. మిల్స్ రీల్‌కి ఆగే స్థానాలు 20, మూడు రీళ్లకు 8,000 కలయికలు. కార్డు ఒకటి చెప్పి మెషీన్ ఇంకోటి ఇస్తుంటే స్ట్రిప్పులో, చట్రాలో మారి ఉంటాయి.

ఐదో పని: బెజ్జాలు చదవడం

అసలు పని ఇదే. దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి, తొందర్లో ఉంటే ఇవాళ మొదలుపెట్టనే వద్దు. క్యాటలాగ్ ఫోటో పక్కన పెట్టి పోల్చి చూస్తే చాలు అనేవాళ్లున్నారు. ఫోటో చూసి ముఖం ఏదో చెప్పొచ్చు, అంతే. ఆ ముఖం ఈ కేసుకి ఎప్పుడు బిగించారో ఫోటో ఎలా చెబుతుంది? చెక్క చెబుతుంది.

ముఖం కాస్టింగ్‌ని, అంటే పోత పోసిన ఆ ముందు పలకని, పట్టి ఉంచిన స్క్రూలను ఒక్కొక్కటిగా తీయండి. ఒక స్క్రూ, ఒక జిప్ కవర్, కవర్ మీద స్థానం రాయాలి. అన్నీ ఒక గిన్నెలో పోశారంటే సగం సాక్ష్యం పోయినట్టే. కదలని స్క్రూని బలవంతంగా తిప్పకండి, తలకాయ చెడితే డ్రిల్ పెట్టాల్సి వస్తుంది, డ్రిల్ పెడితే ఆ బెజ్జం ఇక ఏమీ చెప్పదు. బిగుసుకున్న స్క్రూని వదులు చేసే, సందుల్లోకి చొచ్చుకెళ్లే నూనె ఒక్క చుక్క, పుల్లతో స్క్రూ తల మీదే పెట్టి రాత్రంతా వదిలేయండి. చెక్క మీద నూనె పడనివ్వొద్దు, రంగు మారితే తర్వాత మీరు చూసేదంతా అబద్ధమే అవుతుంది.

ఇప్పుడు టార్చి పక్కవాటుగా పెట్టి బెజ్జం లోపల చూడండి. ఓక్ చెక్కలో ట్యానిన్ ఎక్కువ. ఇనుప స్క్రూ, కాస్త తేమ కలిస్తే ఆ ట్యానిన్ నల్లబడుతుంది. దశాబ్దాలుగా స్క్రూ ఉన్న బెజ్జం చుట్టూ నీలం కలిసిన నల్లటి వలయం ఏర్పడి, చెక్క గీతల వెంబడి పైకీ కిందకీ సన్నగా పాకి ఉంటుంది. ఈమధ్య వేసిన బెజ్జం లోపల చెక్క లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంటుంది. ఒక్కసారి రెండూ పక్కపక్కన చూస్తే జన్మలో మర్చిపోరు.

ఇక ఖాళీ బెజ్జాలు లెక్కపెట్టండి, అంటే ఇప్పుడు ఏ స్క్రూ లేనివి, పుల్లలతోనో లప్పంతోనో పూడ్చినవి. ప్రతి ఖాళీ బెజ్జం ఒకప్పుడు ఇక్కడ వేరే ముక్క ఉండేదని చెబుతోంది. వాడుకలో ఉన్నవి నల్లగా ఉండి, ఖాళీ బెజ్జాలు ఏవీ లేకపోతే ముఖం, కేసు ఎప్పట్నుంచో కలిసి ఉన్నాయి. ఖాళీవీ నల్లగా, వాడుకలో ఉన్నవీ నల్లగా ఉంటే ఆ మార్పు చాలాకాలం క్రితం, బహుశా మెషీన్ ఇంకా డబ్బు సంపాదిస్తున్న రోజుల్లోనే జరిగింది. అది ఆపరేటర్ మార్పు, దానికి చరిత్ర ఉంది, విలువ ఉంది. ఖాళీవి నల్లగా ఉండి వాడుకలో ఉన్నవి లేతగా ఉంటే మాత్రం ఎవరో ఈమధ్య రెండు మెషీన్లకు పెళ్లి చేశారు.

జాగ్రత్తలు చాలా ఉన్నాయి. ఒక్క బెజ్జం చూసి తీర్పు చెప్పకండి, కనీసం నాలుగైదు ఒకే మాట చెప్పాలి. ఇత్తడి స్క్రూలు ఆ నల్ల మచ్చ ఇవ్వవు, కాబట్టి స్క్రూకి అయస్కాంతం పెట్టి చూశాకే మాట్లాడండి. పొడి వాతావరణంలో, నెవాడా లాంటి చోట ఉన్న మెషీన్లలో మచ్చ బాగా పలచగా ఉంటుంది. కొత్త బెజ్జానికి రంగు పూసి పాతదిగా చూపించేవాళ్లూ ఉన్నారు. పూసిన రంగు బెజ్జం అంచులో గాఢంగా ఉండి లోతుకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది, నిజమైన మచ్చ స్క్రూ పొడవంతా ఉంటుంది. పుల్ల చివర తెల్ల గుడ్డ చుట్టి లోపల మెల్లగా తిప్పితే పూసిన రంగు చాలాసార్లు గుడ్డకి అంటుకుంటుంది. ప్లస్ స్క్రూ కనిపిస్తే ఆగండి, ఫిలిప్స్ స్క్రూలు 1930ల మధ్య నుంచే వాడుకలోకి వచ్చాయి. 1931 ముఖానికి ప్లస్ స్క్రూ ఉందంటే ఆ తర్వాత ఎవరో విప్పారు. విప్పారని మాత్రమే, మార్చారని కాదు.

కాస్టింగ్ తీశాక చెక్క మీద నీడ చూడండి. ముఖం కప్పి ఉంచినంత మేర చెక్క రంగు వేరుగా ఉంటుంది. ఆ నీడ ఆకారం ఇప్పటి ముఖం అంచుతో కలవకపోతే, ముందు ఉన్న ముఖం ఏ ఆకారంలో ఉండేదో కూడా నీడే చెబుతుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో గీసుకోండి.

ఆరో పని: పోత కొత్తదా పాతదా

అసలు కాస్టింగ్‌నే అచ్చుగా వాడి మళ్లీ పోత పోస్తే కొత్తది చిన్నదవుతుంది, ఎందుకంటే అల్యూమినియం గట్టిపడి చల్లారేటప్పుడు సుమారు 1.3 శాతం కుంచించుకుపోతుంది. 300 మిల్లీమీటర్ల దగ్గర దాదాపు 4 మిల్లీమీటర్ల తేడా, కాలిపర్‌కి కళ్లకు కట్టినట్టు దొరుకుతుంది. కానీ స్క్రూ బెజ్జం నుంచి బెజ్జానికి కొలవకండి, బెజ్జాలు పోత తర్వాత వేసేవి. అంచు నుంచి అంచుకీ వద్దు, అంచులు అరగదీస్తారు. గద్ద ఒక రెక్క కొన నుంచి ఇంకో రెక్క కొన దాకా, అలా బొమ్మలోనే ఉన్న గుర్తుల మధ్య కొలిచి, నమ్మకమైన అసలు మెషీన్ కొలతతో పోల్చండి. గోల్డెన్ నగ్గెట్ పేరున్న మిల్స్ మెషీన్ ఎవరైనా చూపిస్తే ఈ కొలత తప్పనిసరి. పాత మెకానిజానికి తర్వాతి దశాబ్దాల్లో కొత్త కాస్టింగులు తొడిగి కట్టినవి వాటిలో చాలా ఉన్నాయి.

ఏడో పని: ఇప్పుడు సీరియల్ నంబర్

ఇప్పుడు చూడండి, ముందు కాదు. ముందే చూస్తే మనసు ఆ సంవత్సరానికి అతుక్కుపోయి మిగతా సాక్ష్యాన్ని దానికి తగ్గట్టు వంచుతుంది. ఫ్యాక్టరీలు నంబర్‌ని చాలాసార్లు ఒకటికంటే ఎక్కువ చోట్ల వేసేవి, కాబట్టి కేసు చెక్క, కాస్టింగ్ అంచులు, మెకానిజం అన్నీ అద్దంతో వెతకండి. కలిస్తే మంచిదే. కలవకపోతే బెజ్జాలు ఏం చెప్పాయో దాన్నే నమ్మండి. జాబితాల్లో సంవత్సరాలు ఉజ్జాయింపులే, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ రాసుకోండి.

ఆఖరుగా ఒక కాగితం మీద ముక్క ముక్కకీ విడిగా రాయండి: కేసు ఎవరిది, ముఖం ఎవరిది, మెకానిజం ఎవరిది, ఏవి ఎప్పట్నుంచి కలిసి ఉన్నాయి, ఏ ఆధారంతో అంటున్నారు. దాన్ని కవర్లో పెట్టి వెనక తలుపు లోపలివైపు తగిలించండి, మేకు మాత్రం కొట్టకండి, ఇంకో బెజ్జం ఎందుకు. స్క్రూలు ఏ కవర్లోవి ఆ బెజ్జంలోకే తిరిగి వెళ్లాలి, కొత్త స్క్రూలు ఎంత నిగనిగలాడినా సరే.