కన్యాశుల్కంలో మీరెవరో ఎలా తెలుసుకోవాలి

గురజాడ నాటకం కన్యాశుల్కం చదివినవాళ్ళని అందులో నువ్వెవరు అని అడిగితే మగవాళ్ళు ఎక్కువగా గిరీశం అంటారు, ఆడవాళ్ళు మధురవాణి అంటారు. అది మనకి నచ్చిన పాత్ర, మనం పోలిన పాత్ర వేరే ఉంటుంది. అది దొరకాలంటే కొంచెం ఓపిగ్గా వెతకాలి.

ముందు 1909లో వచ్చిన రెండో కూర్పే చదవండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది దీనికంటే చిన్న నాటకం, అందులో మధురవాణికి ఇంత చోటు లేదు. 1955 సినిమాని గుర్తు పెట్టుకుని డిసైడ్ అవ్వకండి, అక్కడ మనకి నచ్చేది ఎన్టీఆరో సావిత్రో అయ్యే ఛాన్సే ఎక్కువ. ఇంకోటి, మనసులో కాకుండా పైకి చదవండి, ఇదంతా మనుషులు మాట్లాడుకునే భాష, ఎవరి మాటలు మీ నోటికి తడబడకుండా వస్తున్నాయో ఒక పేజీ చదివేసరికే తెలిసిపోతుంది.

తర్వాత డబ్బు మాట వచ్చిన చోటల్లా ఆగండి. గిరీశం మొదటి సీన్లోనే బొంకులదిబ్బ దగ్గర నిలబడి, సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకున్న డబ్బు వాడేసుకున్నానని తనే చెప్పుకుంటాడు. మీరు అలా చేస్తారా అని కాదు, చేశాక అంత హాయిగా ఉండగలరా అని ఆలోచించండి. చాలామందికి నిద్ర పట్టదు, అంటే వాళ్ళు గిరీశం కాదు, గిరీశం మాటలకి పడిపోయే వెంకటేశం. పరీక్ష పోయింది, ఇంటికెళ్తే నాన్న చంపేస్తాడు, పక్కన ధైర్యంగా మాట్లాడేవాడు ఒకడుంటే చాలు అనిపించిన వయసు మనందరికీ ఉంది కదా.

కోపం వచ్చే సీన్లు కూడా చూడండి. వెంకటేశం నాన్న అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఎవర్నీ అడగడు, చిన్నపిల్ల సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకిచ్చే సంబంధం ఖాయం చేసేసి తాంబూలాలిచ్చేశాను ఇక తన్నుకు చావండి అంటాడు. హైదరాబాదులో ఉన్నా అమెరికాలో ఉన్నా ఇంట్లో ఆ మాట ఏదో రూపంలో అనేవాళ్ళు ఉంటారు. అది మీరేనేమో మీ పిల్లల్ని అడగండి, మీకంటే వాళ్ళకే బాగా తెలుస్తుంది.

నన్నడిగితే చదువుకున్న మనలాంటివాళ్ళు ఎక్కువగా కలిసేది కరటకశాస్త్రితో. మేనకోడలు సుబ్బిని కాపాడాలనేది మంచి ఉద్దేశమే, దానికోసం శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి పెళ్ళి చేసేస్తాడు, ప్లాన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ ఆ పెళ్ళికూతురు మాయమయ్యేసరికి ముసలాయన మీద ఖూనీ కేసు పడుతుంది, అప్పుడు మళ్ళీ మధురవాణి దగ్గరికే వెళ్ళి బతిమాలతాడు. ఆఫీసులో మన ప్రాబ్లం తెలివిగా దాటేసి అది ఇంకొకరి మెడకి చుట్టుకున్నాక కంగారుపడ్డ రోజు ఏదైనా గుర్తొచ్చిందా, అయితే మీ పాత్ర దొరికినట్టే.

మధురవాణి నేనే అనుకునేవాళ్ళు మాత్రం చివరి అంకం నెమ్మదిగా చదవండి. మగవేషంలో సౌజన్యారావు ఇంటికెళ్తుంది, ఆమె వేశ్య, అలాంటివాళ్ళని దగ్గరికి రానివ్వని వకీలు ఆయన. లుబ్ధావధాన్లుని కాపాడే సంగతి చెప్పడానికి ఒక ముద్దు అడుగుతుంది, ఆయన ఎంతో నలిగిపోయి ఆఖరికి సరే అన్నాక తనే వద్దంటుంది, చెడని వాళ్ళని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందని. గెలిచే ముక్క చేతిలో ఉండి కూడా అవతలివాడి పరువు కోసం వదిలేయగలరా? నాటకం మొత్తంలో అంత పెద్దమనసు ఇంకెవరికీ లేదని నా గట్టి అభిప్రాయం, అందుకే ఆ పేరు ఊరికే పెట్టేసుకుంటే నాకు బాధేస్తుంది.

ఎక్కడా కుదరకపోతే ఆ రెండిళ్ళలోని వితంతువులు, అగ్నిహోత్రావధాన్లు కూతురు బుచ్చమ్మ, లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి, వాళ్ళ మాటలు మాత్రమే వరసగా చదవండి, మనం మామూలుగా దాటేసేవి అవే. అప్పటికీ కాకపోతే నాటకమే మార్చండి. వసూళ్ళ ఉద్యోగం చేసేవాళ్ళకి హరిశ్చంద్రలో అప్పు కోసం రాజు వెంటపడి తిరిగే నక్షత్రకుడు దగ్గరివాడు అనిపించొచ్చు, కట్నాల బేరాలు ఇంట్లో చూసిన అమ్మాయిలకి వరవిక్రయంలో కాళింది, కమల ఉన్నారు.