మోకాలి దగ్గర ఎముక విరిగితే ముందు పాదం చూడండి

బండి జారి పడ్డాక గంట రెండు గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బిందంటే కీలులో రక్తం చేరినట్టే. నిలబెట్టి నడిపించి చూడకండి. వంకర తిరిగినా లాగి సరిచేయకండి. కాలు ఉన్నది ఉన్నట్టుగా, తొడ నుంచి మడమ దాకా వచ్చే చెక్కనో, చుట్టిన దుప్పటినో ఆనించి, మోకాలికి పైనా కిందా వదులుగా కట్టి 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు.

పాదం చల్లబడిందా? పాలిపోయిందా? వేళ్లకు స్పర్శ ఉందా? కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం మోకాలి వెనక ఎముకను ఆనుకునే ఉంటుంది. అది దెబ్బతింటే సుమారు 6 గంటల్లోపు రక్తం మళ్లీ పారాలి, లేదంటే కాలే పోవచ్చు. అలాంటప్పుడు వీధి చివరి క్లినిక్‌లో ఎక్స్‌రే కోసం ఆగకుండా, రక్తనాళాల సర్జన్లున్న పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్దాసుపత్రికే వెళ్లాలి. నాటుకట్టు జోలికి అసలు పోవద్దు. వాపు రెండు మూడు రోజులు పెరుగుతూనే ఉంటుంది, బిగించిన కట్టు కింద కండ చచ్చిపోతుంది. సిమెంటు కట్టు వేశాక కూడా మందులకు లొంగని నొప్పి వచ్చినా, వేళ్లు కదిపితే పిక్క భరించలేనంతగా నొప్పెట్టినా తెల్లారేదాకా ఆగకండి.

మోకాలి చిప్ప ముక్కలు 2-3 మిల్లీమీటర్లకు మించి ఎడం కాకుండా, రోగి కాలు చాపి పైకెత్తగలిగితే 4-6 వారాల బ్రేస్ (మోకాలు వంగకుండా పట్టి ఉంచే పట్టీ) చాలు. ఎత్తలేకపోతే వైర్లతో బిగించాలి. తొడ ఎముక కింది కొసకు ఎక్కువగా ప్లేటో రాడ్డో వేస్తారు.

చిక్కంతా మోకాలి కింది ఎముక పైభాగంతోనే. కీలు ఉపరితలం ఎంత కుంగిందో ఎక్స్‌రేలో సరిగా తెలియదు, సీటీ స్కాన్ తీయాలి. కుంగిన ముక్కను పైకెత్తి, కింది ఖాళీని ఎముకతో నింపి, ప్లేటు వేస్తారు. ఆపరేషన్‌కు వారం రెండు వారాలు ఆగమంటే నిర్లక్ష్యం అనుకోకండి. వాపుతో నీటి పొక్కులు లేచిన చర్మాన్ని కోస్తే గాయం మానదు, ప్లేటు దాకా చీము పడుతుంది.

తర్వాత 8-12 వారాలు ఆ కాలిమీద బరువు మోపకుండా వాకర్‌తో నడవాలి, ఎప్పుడు మోపాలో ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పాలి. మోకాలు వంచడం మాత్రం, ప్లేటు బిగింపు గట్టిగా ఉంటే, రోజుల్లోనే మొదలుపెట్టాలి, లేదంటే కీలు పట్టేస్తుంది. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టకండి, హాయిగానే ఉంటుంది కానీ కాలు వంగి బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టండి.