పడింది మంచులో, తిరిగింది గది

డాలస్ నుంచి కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌కి వెళ్లి తొలిసారి స్కీయింగ్ చేశాను. రెండో రోజు వెల్లకిలా పడ్డాను. హెల్మెట్ ఉంది కదా అని పట్టించుకోలేదు. ఆ రాత్రి కళ్లు తిరిగితే, ఊరు 9,600 అడుగుల ఎత్తులో ఉంది, అందుకేలే అనుకున్నా.

ఇంటికొచ్చినా తగ్గలేదు. మంచంలో కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఆగి ఉన్న ఫ్యాన్‌తో సహా గదంతా గిర్రున తిరిగేది. అర నిమిషంలో ఆగేది. మా ఆవిడ పైత్యమంటూ అల్లం రసం పట్టింది, పాపం.

డాక్టర్ మొదట మెడ చూసి, తల పక్కకు తిప్పి చటుక్కున వెనక్కి పడుకోబెట్టి నా కళ్లు గమనించారు. బీపీపీవీ అట, అంటే తల కదిపితే కాసేపు కళ్లు తిరిగే చెవి సమస్య. లోపలి చెవిలోని కాల్షియం రేణువులు చోటు తప్పాయన్నారు. వాటిని తిరిగి చోటికి చేర్చే ఎప్లీ పద్ధతిలో తలను కుడికి 45 డిగ్రీలు, తర్వాత ఎడమకి, ఆపై ఒంటినీ తిప్పి, కాసేపాగి లేపారు. రెండోసారికి గది కదల్లేదు. నడకలో తూలు మాత్రం రెండు రోజులుంది.