వేదిక మీద నిబ్బరంగా నిలబడటం ఎలా?

ముందు చిన్న పనులు ముగించండి. జారని, మడమ ఎత్తులేని చెప్పులు వేసుకోండి. జేబులోని తాళాలు, ఫోను పక్కవాళ్లకు ఇచ్చేయండి. కాగితాలుంటే అట్టకు క్లిప్పు పెట్టండి. ఒట్టి కాగితం చేతి వణుకును ఊరంతటికీ చూపిస్తుంది. మైకును గడ్డం కంటే కాస్త కిందికి, జానెడు దూరంలో పెట్టించుకోండి. మైకు కోసం మీరు వంగకూడదు.

అసలు చిక్కు మైకు ముందుకు చేరాక, మొదటి మాటకు ముందు ఉంది. చాలామంది నడుస్తూనే "సభకు నమస్కారం" అనేస్తారు. ఊపిరి ఇంకా ఛాతీ పైభాగంలోనే ఆడుతుంటుంది, అందుకే గొంతు సన్నబడి కీచుమంటుంది. ఆ గొంతు విని భయం ఇంకా పెరుగుతుంది.

ముందు ఆగండి. పాదాల మధ్య అడుగు ఎడం ఉంచి బరువు రెండింటి మీదా సమంగా వేయండి. ఒక కాలి మీద ఒరిగితే కాసేపటికి ఊగడం మొదలవుతుంది. మోకాళ్లు బిగించొద్దు. కాళ్లు బిగబట్టి చాలాసేపు నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచి తల తిరగొచ్చు, కొందరు పడిపోతారు కూడా. మోకాలు కొద్దిగా సడలించి ఉంచితే చాలు.

ఇప్పుడు గాలి పీల్చకండి, వదలండి. "గట్టిగా ఊపిరి తీసుకో" అన్న సలహాతోనే పని చెడుతుంది. నిండిన ఛాతీలోకి ఇంకా గాలి కుక్కితే భుజాలు చెవుల దాకా లేస్తాయి. నోటితో మెల్లగా పూర్తిగా వదిలేయండి, తర్వాతి ఊపిరి దానంతటదే పొట్టలోకి దిగుతుంది. బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని ఇంట్లో సాధన చేయండి: చెయ్యి ముందుకు రావాలి, భుజం కదలకూడదు. ఆ ఊపిరి లోపలికి దిగుతుండగా చివరి వరుసలో ఒక మనిషిని చూడండి. మొదటి మాట వారికే చెప్పండి.

అద్దం ముందు సాధన వద్దు. కళ్లు మీ మొహానికే అతుక్కుపోతాయి. ఫోనులో వీడియో తీసుకుని చూడటమే మేలు. అంతకంటే మంచి పాఠం చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర దొరుకుతుంది. మధ్యాహ్నం భారతం చెప్పే హరికథకులు పద్యం ఎత్తుకునే ముందు కాళ్లు ఎలా కుదుర్చుకుంటారో చూడండి. తిరుపతి మహతి లాంటి పెద్ద హాల్లో మాట్లాడాల్సి వస్తే, జనం రాకముందే వేదిక ఎక్కి చివరి వరుస ఎంత దూరంలో ఉందో చూసుకోండి.

చేతులు నడుము దగ్గర వదులుగా ఉంచండి. పోడియం అంచు పట్టుకోవద్దు, భుజాలు ముందుకు కుంగుతాయి. మధ్యలో వణుకు వస్తే వాక్యం పూర్తి చేసి ఆగండి, గాలి వదలండి, పాదాల బరువు సరిచూసుకుని తర్వాతి మాట ఎత్తుకోండి.