పరుపును నొక్కి కాదు, తూచి కొనండి

షాపులో పరుపును అరచేత్తో నొక్కితే తెలిసేది మెత్తదనం ఒక్కటే. ఎన్నేళ్లు ఆగుతుందో చేతికి తెలియదు. కొత్తగా ఉన్నప్పుడు నాసిరకం ఫోమ్ కూడా నొక్కి వదలగానే లేచి కూర్చుంటుంది. ఏడాది, రెండేళ్లు తిరిగేసరికి నడుము ఆనే చోట గుంట పడుతుంది. ఫోమ్ నిండా చిన్న చిన్న గాలి గదులుంటాయి. వాటి గోడల్లో సరుకు తక్కువైతే రోజూ బరువు మోసి మోసి విరిగిపోతాయి, ఇక పైకి లేవవు. ఆ సరుకు ఎంతుందో చెప్పేది డెన్సిటీ. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క అది.

గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ను గట్టిగానూ చేస్తారు, ఎక్కువ డెన్సిటీ ఫోమ్‌ను మెత్తగానూ చేస్తారు. గట్టిగా ఉంది కదా, మన్నుతుందిలే అనుకుని మోసపోయేవాళ్లే ఎక్కువ. సేల్స్‌మన్ ‘హై డెన్సిటీ’ అంటే సరిపోదు, అంకె చెప్పమనండి. మామూలు పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ అయితే రోజూ పడుకునే పరుపుకి డెన్సిటీ 32 కిలోలకు తగ్గకూడదు. 40 ఉంటే ఇంకా నిశ్చింత. 24 లోపుది ఎప్పుడో వచ్చే చుట్టాల గదికి చాలు. ఒంటి వేడికి మెత్తబడి ఒంటి ఆకారానికి ఒదిగే మెమరీ ఫోమ్‌కి 50 నుంచి చూడాలి, రబ్బరు పాల ఫోమ్ అయిన లేటెక్స్ మామూలుగా 65 పైనే ఉంటుంది. రీబాండెడ్ ఫోమ్‌కి 80, 100 అని రాసి ఉంటే ఆ అంకె చూసి మురిసిపోకండి. అది ఫోమ్ తుక్కును జిగురుతో కలిపి అదిమి చేసేది కాబట్టి బరువు సహజం. అడుగు పొరగా పనికొస్తుంది గానీ, దాని అంకెను పీయూ ఫోమ్ అంకెతో పోల్చకూడదు.

చెప్పిన అంకె నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 61,000తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. 78 × 60 × 6 అంగుళాల పరుపుకి 28,080 వస్తుంది, భాగిస్తే 0.46. అంటే 32 డెన్సిటీ ఫోమ్ అయితే లోపలి సరుకే 14.7 కిలోలు తూగాలి, కవరు బరువు దానికి అదనం. బరువు చూసుకునే మిషన్ మీద మీరొకసారి ఎక్కండి, పరుపు పట్టుకుని మరోసారి ఎక్కండి. తేడా 10 కిలోలే వచ్చిందనుకోండి. కవరుకి 2 పోగా మిగిలిన 8 కిలోలను 0.46తో భాగిస్తే డెన్సిటీ 17 పైచిలుకు. ఆ పరుపు ఎన్నాళ్లు నిలుస్తుందో ఇక ఎవరినీ అడగక్కర్లేదు. ఒకే రకం ఫోమ్‌తో చేసినవాటికే ఈ లెక్క కుదురుతుంది. రెండు మూడు రకాలు కలిపితే ఏ పొర ఎన్ని అంగుళాలు, దేని డెన్సిటీ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ‘మెమరీ ఫోమ్ పరుపు’ అని అమ్మేవాటిలో అసలు మెమరీ ఫోమ్ పైన ఒక్క అంగుళమే ఉండటం మామూలే. కవరుకి జిప్పు ఉంటే తీసి పొరలు చూపించమనండి. ఇంటికి తెచ్చాక మాత్రం, జిప్పు తీయొద్దని లేబుల్ మీద ఉంటే తీయకండి. కొన్నిటిలో మంట అంటుకోకుండా లోపల గాజు నార తొడుగు వేస్తారు, అది బయటపడితే గదంతా పరుచుకుంటుంది.

స్ప్రింగు పరుపుల్లో బోనెల్ రకానికి స్ప్రింగులన్నీ ఒకదానికొకటి కట్టి ఉంటాయి. ఒకరు అటు దొర్లితే పక్కవాళ్లకీ కుదుపు తెలుస్తుంది. పాకెట్ స్ప్రింగులో దేని సంచి దానిదే, కుదుపు తక్కువ. తీగ గేజ్, అంటే మందం చెప్పే అంకె, అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. అసలు సంగతేమిటంటే, స్ప్రింగులు అంత తొందరగా పోవు. ముందు అణిగిపోయేది వాటి మీద పరిచిన రెండు మూడు అంగుళాల ఫోమే. ఎన్ని వందల స్ప్రింగులున్నాయో గొప్పగా చెప్పి, పై ఫోమ్ డెన్సిటీ దగ్గర నోరు మెదపకపోతే అక్కడే అనుమానించాలి. అంచు మీద కూర్చుని లేచి చూడండి. జారిపోతున్నట్టుంటే అంచుల్లో బలం లేనట్టే.

కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. పీచును పట్టి ఉంచే రబ్బరు పాలు ఎండి పెళుసుబారితే పొడి రాలడం, మధ్యలో కుంగడం మొదలవుతాయి. అంచు దగ్గర గట్టిగా తట్టినప్పుడు ధూళి రాలితే వద్దనుకోండి. లేటెక్స్ మన్నికలో అన్నిటికన్నా మెరుగు, ఖరీదూ అంతే. ‘100 శాతం లేటెక్స్’ అన్నంత మాత్రాన అది చెట్టు పాలతో చేసిందని కాదు, కృత్రిమమైనదీ లేటెక్సే. ‘సహజ’ అన్న మాట, దాని శాతం కాగితం మీద ఉండాలి.

మన్నిక తేలాక ఒంటికి నప్పడం. షాపులో చెప్పులు విప్పి, రోజూ ఎలా పడుకుంటారో అలాగే పది పదిహేను నిమిషాలు పడుకోండి, మొహమాటపడొద్దు. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చండి. సందు మిగిలి చెయ్యి సులువుగా ఆడితే మీకది మరీ గట్టి. చెయ్యే దూరకపోతే మరీ మెత్తన. ఆనుకుంటూనే కాస్త బలంగా తోస్తే వెళ్లాలి. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకు భుజం, తుంటి కొంచెం దిగే మెత్తదనం కావాలి, బోర్లా పడుకునేవాళ్లకు కాస్త గట్టిది. 90 కిలోలు దాటినవాళ్లు ఆరంగుళాలతో సరిపెట్టుకోకుండా ఎనిమిది చూడటం మంచిది. ఇద్దరు పడుకునే పరుపైతే ఇద్దరూ వెళ్లాలి.

నడుము నొప్పికి బల్లలా ఉండే పరుపే మందన్న మాట చాలా ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. స్పెయిన్‌లో 313 మంది దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష 2003లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. అందులో గట్టి పరుపు కంటే మధ్యస్తంగా గట్టిగా ఉన్నదే మేలు చేసింది. ఇక ‘ఆర్థోపెడిక్’ అన్న ముద్రను కంపెనీలు తమంతట తామే వేసుకుంటాయి, దానికి డబ్బు ఎక్కువ పెట్టకండి.

కొలతలు పాత పరుపువి కాదు, మంచం లోపలివి తీసుకోండి, రెండు మూడు చోట్ల. పాత మంచాలు ఒక మూల అరంగుళం తేడాగా ఉంటాయి. చెక్క పలకల మధ్య సందు మూడు అంగుళాలు దాటితే ఫోమ్ ఆ సందుల్లోకి దిగుతుంది. ఎంత మంచి పరుపైనా అలాంటి మంచం మీద పాడవుతుంది, పైగా వారంటీ అడిగితే ముందు మంచమే చూస్తారు. ప్లైవుడ్ పరిస్తే గాలికి కన్నాలు పెట్టించండి, లేకపోతే చెమట తేమ అడుగున చేరి బూజు పడుతుంది. వెడల్పు మంచానికి మధ్యలో ఒక కాలు తప్పనిసరి.

చుట్టి ప్యాక్ చేసి వచ్చిన పరుపు విప్పాక పూర్తి మందానికి రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కొత్త ఫోమ్ వాసన పోయేదాకా కిటికీలు తీసి ఉంచండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి తలవైపు కాళ్లవైపుకి తిప్పండి, తర్వాత ఆరు నెలలకోసారి చాలు. మెత్తటి పొర ఒకవైపే ఉన్నదాన్ని బోర్లించకూడదు. దూది పరుపుకి ఎండ మంచిదే కానీ లేటెక్స్, ఫోమ్‌లకు కాదు. ఎండకు అవి పసుపెక్కి, పెళుసై, పొడిపొడిగా రాలతాయి, నీడలో గాలికి ఉంచండి.

వారంటీ కాగితంలో ఏళ్ల సంఖ్య కన్నా ముందు చూడాల్సింది ఎంత లోతు గుంటను లోపంగా ఒప్పుకుంటారన్నది. చాలాచోట్ల అది ఒకటి, ఒకటిన్నర అంగుళం. మనుషులు లేకుండా, దుప్పటి తీసేసి, పరుపు ఈ అంచు నుంచి ఆ అంచుకి దారం బిగించి పట్టి, గుంట అడుగు నుంచి దారం దాకా స్కేలుతో కొలవండి. స్కేలు కనిపించేలా ఫొటో తీయండి. మరక ఉంటే వారంటీ చెల్లదనే కంపెనీలు ఎన్నో, అందుకే మొదటి రోజే తడి దిగని ప్రొటెక్టర్ తొడగండి. పరుపుకి కుట్టిన లేబుల్ కత్తిరించకండి, బిల్లు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. ఏళ్లు గడిచేసరికి ఆ బిల్లు మీది సిరా వెలిసిపోతుంది.