సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొనేముందు పరీక్షించడం ఎలా?

కొత్త క్రెటా టాప్ మోడల్ కోసం దాచిన డబ్బుకు కొంచెం కలిపితే పాత బీఎండబ్ల్యూ ఎక్స్5 వస్తుందని తెలిసిన రోజు నుంచి మా బావకి నిద్ర లేదు. హైదరాబాద్‌లో రెండు నెలలు ఆయన వెంట తిరిగాను. ఏడు బండ్లు చూశాం, ఆరు వదిలేశాం. ఆ తిరుగుడులో నాకు అర్థమైంది ఒక్కటే. "ఈ కంపెనీ బండి నమ్మొచ్చా?" అని పదిమందిని అడగడం దండగ. ఒకే సంవత్సరం, ఒకే మోడల్ బండ్లు రెండు చూస్తే ఒకటి బంగారం, ఇంకోటి గుదిబండ. కాబట్టి ఎదురుగా ఉన్న ఆ ఒక్క బండినే పట్టి చూడాలి. ఎలాగో చెబుతాను.

1. ముందు స్పేర్ పార్ట్స్ రేట్లు కనుక్కోండి

కొత్తలో కోటి రూపాయలు పలికిన బండి పదేళ్లకి పాతిక లక్షలకి దొరకొచ్చు. దాని స్పేర్ పార్ట్స్ మాత్రం ఇప్పటికీ కోటి రూపాయల బండి రేటుకే వస్తాయి. బండి చూడటానికి వెళ్లకముందే షోరూమ్ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి ఆ మోడల్‌కి బ్రేక్ డిస్కులు, ముందు సస్పెన్షన్ ఒకటి, నాలుగు టైర్లు, ఒక హెడ్‌లైట్ ఎంతవుతాయో అడగండి. అవే రేట్లు ఆ బ్రాండ్ పనులు చేసే బయటి షెడ్డులో కూడా అడగండి. బండి ధరలో కనీసం ఐదో వంతు రిపేర్ల కోసం పక్కన పెట్టుకోలేకపోతే ఈ సరదా వద్దంటాను. లోన్ మీద కొని, గేర్‌బాక్స్ పోతే మళ్లీ అప్పు చేసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

బేరానికి పనికొచ్చే మాట ఒకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి ఉన్న 50 శాతం పన్ను 40 శాతానికి దిగింది. కొత్తదాని రేటు తగ్గాక పాతదానికి పాత రేటే చెబితే ఎలా అని అడగండి.

2. ఇంజిన్ ఏదో తెలుసుకోండి

ఒక్కో ఇంజిన్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటి ఉంటుంది. మెర్సిడెస్ ఎంఎల్, జీఎల్‌లలో వచ్చిన 3 లీటర్ల వీ6 డీజిల్ (ఓఎం642) గట్టి ఇంజినే. కానీ ఆయిల్ కూలర్ సీళ్లు వయసుతో గట్టిపడి ఆయిల్ కారుతుంది. ఆ కూలర్ ఇంజిన్ నడుమ, టర్బో కింద ఉంటుంది. సీళ్ల ఖరీదు తక్కువే, అక్కడిదాకా చేరడానికి అయ్యే లేబరే నడుం విరుస్తుంది.

బీఎండబ్ల్యూ 3 లీటర్ల డీజిల్ ఎన్57లో టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒక లయలో తిప్పే గొలుసు) ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ సాగితే పైపైన మార్చే పని కాదు, గేర్‌బాక్సో ఇంజినో దించాల్సిందే. ల్యాండ్ రోవర్ 3 లీటర్ల డీజిల్ వీ6ది ఇంకా పెద్ద కథ. క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు పోయి ఇంజిన్ మొత్తం పట్టేసిన సంగతులు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆయిల్ ఎప్పటికప్పుడు మార్చిన బిల్లులు లేకుండా ఆ బండి జోలికి వెళ్లొద్దు.

వీటిలో చాలా బండ్లకి జెడ్ఎఫ్ కంపెనీ 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. మంచి గేర్‌బాక్స్. "దీనికి ఆయిల్ మార్చే పనే లేదు సార్, లైఫ్‌టైమ్" అంటారు. తయారు చేసిన జెడ్ఎఫే 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చిన బిల్లు చూపిస్తే ఆ ఓనర్ మీద సగం నమ్మకం వచ్చినట్టే.

తలనొప్పి అసలు వద్దనుకునేవారు టొయోటా ప్రాడో, ల్యాండ్ క్రూజర్ వైపు చూస్తారు. అయితే వాటి ధర అంత త్వరగా దిగదు.

3. ఇంట్లో కూర్చునే కాగితాలు చూడండి

నంబర్ తెలిస్తే ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరో, హైపోథికేషన్ (బండి మీద లోన్) ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తాయి. చలానాలు కూడా చూసుకోండి, ఆ బండి ఎలా నడిచిందో అవే చెబుతాయి.

పాత ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా వరసగా ఐదేళ్లు గడిస్తే అది 50 శాతానికి చేరుతుంది. ఒకే ఓనర్ దగ్గర ఆరేళ్లున్న బండికి బోనస్ సున్నా ఉంటే ఏదో జరిగింది. "చిన్న గీత పడింది" అంటే ఆ క్లెయిమ్ బిల్లు చూపించమనండి.

ఢిల్లీ బండ్లు చవక. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో కొంత సడలింపు ఇచ్చినా అమ్మేసుకునే తొందర పోలేదు. చవకే కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా లైఫ్ ట్యాక్స్ కట్టుకోవాలి. అది కలిపాకే ఇక్కడి బండితో పోల్చండి.

4. పొద్దున్నే, చల్లటి ఇంజిన్ మీద చూడండి

మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే. మేము రాకముందు స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. ఒకచోట మేం వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంది. "ఇప్పుడే వాష్‌కి తీసుకెళ్లి వచ్చాం అన్నా" అన్నాడు అమ్మేవాడు. సరేనని మర్నాడు చెప్పకుండా ఆరున్నరకే వెళ్లాం. ఎడమవైపు ముందు భాగం చతికిలబడి ఉంది. స్ప్రింగ్ బదులు గాలితో బండిని మోసే ఎయిర్ సస్పెన్షన్ బెలూన్ రాత్రంతా గాలి వదిలేసింది. స్టార్ట్ చేసిన కాసేపటికి కంప్రెసర్ గాలి నింపితే మామూలుగా లేచింది. ముందురోజు మాకు కనిపించింది ఆ లేచిన బండే. లీకు చాలాకాలం ఉంటే అదేపనిగా తిరిగి కంప్రెసర్ కూడా పోతుంది.

స్టార్ట్ చేశాక మొదటి పది సెకన్లు ఎవరినీ మాట్లాడనివ్వకండి. గొలుసు గలగలలాడినట్టు శబ్దం వస్తే వెనక్కి తిరగండి.

5. నీళ్లలో మునిగిందా?

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. వాటిలో బాగుచేసి మళ్లీ అమ్మకానికి పెట్టేవీ ఉంటాయి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, బురద మరక అక్కడే మిగులుతుంది. డిక్కీలో స్టెప్నీ గుంట, సీట్ల కింద బోల్టుల తుప్పు చూడండి. ఈ బండ్లలో బ్యాటరీ, కంట్రోల్ యూనిట్లు (బండిని నడిపించే చిన్న కంప్యూటర్లు) సీటు కిందో డిక్కీ అడుగునో ఉండే మోడళ్లు చాలా. కొద్దిపాటి నీళ్లు చాలు, ఏడాది తర్వాత డాష్‌బోర్డు మీద ఒక్కో వార్నింగ్ లైటూ వెలగడం మొదలవుతుంది. లోపల సెంటు వాసన గుప్పుమంటే అనుమానించండి.

6. స్కాన్, తర్వాత ఔటర్ మీద డ్రైవ్

బండి కంప్యూటర్లలో నమోదైన తప్పులను స్కానర్‌తో చదవొచ్చు. మార్కెట్లో దొరికే చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ తప్పులే చూపిస్తాయి. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న షెడ్డులో పూర్తి స్కాన్ చేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి. మీటర్ తిప్పినా కిలోమీటర్ల లెక్క మిగతా యూనిట్లలో ఉండిపోవచ్చు. కొన్ని బీఎండబ్ల్యూలలో తాళం చెవిలోనే నమోదవుతుంది. తప్పులన్నీ నిన్ననే చెరిపేసినట్టు కనిపిస్తే అదీ ఒక జవాబే.

డీజిల్ బండి అయితే ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట నడపండి. ఎప్పుడూ ట్రాఫిక్‌లో రెండేసి కిలోమీటర్లు తిరిగిన బండికి సైలెన్సర్‌లోని డీపీఎఫ్ ఫిల్టర్ మసితో నిండిపోతుంది. దానికి ఇలాంటి నిలకడైన పరుగు కావాలి. ఇంజిన్ వేడెక్కాక గేర్లు మారేటప్పుడు కుదుపు ఉందేమో గమనించండి.

7. డబ్బు చేతులు మారేటప్పుడు

పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలు, లోన్ ఉంటే దాన్ని తీసేయించడానికి బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35, వేరే రాష్ట్రం బండి అయితే ఆర్టీఓ ఎన్ఓసీకి ఫారం 28. ఇవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.

తాళం చెవులు రెండూ అడిగి తీసుకోండి. "రెండోది ఇంట్లో ఉంది, పంపిస్తా" అంటే, అది వచ్చాకే మిగతా డబ్బు ఇస్తానని చెప్పండి. మా బావ చివరికి కొన్న బండికి ఆ రెండో తాళం చెవి కోసం పదకొండు రోజులు ఆగాడు.