ఫైనల్ జెపర్డీలో ఎంత కాయాలి, క్లూని ఎలా విప్పాలి

అమెరికన్ టీవీ క్విజ్ జెపర్డీలో రెండు రౌండ్లు ముగిశాక ఒకే ఒక్క క్లూ మిగులుతుంది, దాన్నే ఫైనల్ జెపర్డీ అంటారు. ముందు కేటగిరీ పేరు మాత్రం చెబుతారు. యాడ్ బ్రేక్‌లో ముగ్గురూ తమ స్కోరులోంచి ఎంత కాస్తారో రాసేయాలి. ఆ తర్వాతే క్లూ కనబడుతుంది. జవాబుకు 30 సెకన్లు. గెలిచినవారికే స్కోరు మొత్తం డబ్బుగా దక్కుతుంది. రెండో స్థానానికి 3,000 డాలర్లు, మూడో స్థానానికి 2,000, అంతే. సున్నాలోనో మైనస్‌లోనో ఉన్నవాళ్లకు ఈ క్లూ ఆడే అవకాశమే లేదు.

‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ లాంటి ఆటకు అలవాటుపడిన మనకు ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ హాట్ సీటులో ఒక్కరే ఉంటారు. తెలిస్తే ఆడతారు, తెలియకపోతే ఉన్నది తీసుకుని లేచిపోతారు. ఇక్కడ ఆ కేటగిరీ మీకు ఎంత బాగా వచ్చన్నది రెండో సంగతి. పక్కన ఇద్దరి దగ్గర ఎంతుందో ముందు చూడాలి.

ముందున్నవారి లెక్క

రెండో వారి స్కోరును రెట్టింపు చేయండి. అందులోంచి మీ స్కోరు తీసేసి, ఒక డాలరు కలపండి. మీకు 18,000, వారికి 13,000 ఉన్నాయనుకుందాం. 26,000లోంచి 18,000 పోతే 8,000. దానికి ఒకటి కలిపి 8,001 కాయాలి. వాళ్లు ఉన్నదంతా కాసి సరిగ్గా రాసినా 26,000 దగ్గర ఆగిపోతారు. మీరు సరిగ్గా రాస్తే 26,001. ఆ ఒక్క డాలరు ఇద్దరూ సమానంగా నిలవకుండా ఉండటానికి. ఒకప్పుడు సమానంగా నిలిస్తే ఇద్దరినీ విజేతలుగా ప్రకటించేవారు. 2014 చివర్లో ఆ పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు సమానమైతే ఇంకో క్లూ ఇచ్చి బజర్ మీద తేలుస్తారు.

రెండో వారికి రెట్టింపు కంటే మీకే ఎక్కువుంటే గెలుపు మీ చేతిలోనే ఉంది, దాన్ని పారేసుకోకుండా ఉంటే చాలు. 20,000కి 9,000 అయితే గరిష్ఠంగా 1,999. తప్పు రాసినా 18,001 మిగులుతుంది. కేటగిరీ మీకు కొట్టినపిండే అయినా ఆ హద్దు దాటొద్దు.

రెండో స్థానం: అసలు ఆలోచన ఇక్కడే

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వెనకబడ్డాం కదా అని ఉన్నదంతా కాసేస్తారు. ముందున్నవారు పై లెక్క ప్రకారమే కాస్తారని నమ్మి, వాళ్లు తప్పు రాస్తే ఎక్కడికి పడతారో మొదట చూడండి. 18,000 ఉన్నవారు 8,001 కాసి తప్పితే 9,999కి దిగుతారు. 13,000 ఉన్న మీరు 3,000 దాకా కాసి తప్పినా 10,000 దగ్గర ఉంటారు, గెలుస్తారు. అంటే జవాబు తెలియకపోయినా గెలిచే దారి ఒకటి ఉంది. అంతా కాస్తే ఆ దారిని మీరే మూసేసుకున్నట్టు.

ఈ దారి తెరుచుకోవాలంటే మీ స్కోరు ముందున్నవారి స్కోరులో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. 18,000కి 11,000 అయితే అది లేదు. వాళ్లు 4,001 కాసి తప్పినా 13,999 దగ్గర ఉంటారు. మీరు కనీసం 3,000 కాసి, సరిగ్గా రాసి తీరాలి. ఇంకో మెట్టు నాలుగింట మూడు వంతుల దగ్గర వస్తుంది. 18,000కి 14,500 ఉంటే ముందున్నవారు 11,001 కాసి తప్పితే 6,999కి జారతారు. మీరు 3,501 నుంచి 7,500 మధ్య ఎంత కాసినా రెండు విధాలా రక్షణ ఉంటుంది. వాళ్లు భయపడి ఏమీ కాయకపోతే మీరు సరైన జవాబుతో 18,000 దాటుతారు. ఇద్దరూ తప్పితే మీరే పైన.

ఇందులో మూడో వ్యక్తిని మరచిపోకండి. మొదటి ఉదాహరణలో మూడో వారికి 6,000 ఉంటే రెట్టింపై 12,000 అవుతుంది. అప్పుడు మీరు 3,000 కూడా కాయకూడదు. 999తో ఆగితే తప్పినా 12,001 ఉంటుంది.

ఈ లెక్కకు 2019 జూన్ 3న ప్రసారమైన ఆటకంటే మంచి పాఠం లేదు. 32 ఆటలు వరసగా గెలిచిన జేమ్స్ హోల్జావర్‌కు 23,400, ఎమ్మా బెచర్‌కు 26,600, మూడో ఆటగాడికి 11,000. ఎప్పుడూ భారీగా కాసే హోల్జావర్ ఆ రోజు 1,399 మాత్రమే కాశాడు. కావాలనే ఓడిపోయాడా అని అనుమానించినవాళ్లున్నారు. లెక్క చూడండి: 23,400లోంచి 1,399 పోతే 22,001, మూడో ఆటగాడి రెట్టింపు కంటే సరిగ్గా ఒక డాలరు ఎక్కువ. ఎమ్మా 20,201 కాసింది, అతని రెట్టింపును ఒక డాలరు దాటేలా. ఆమె తప్పి ఉంటే 6,399కి పడిపోయేది, అతనికి తన జవాబుతో పనే ఉండేది కాదు. ఆమె సరిగ్గా రాసింది, 46,801తో గెలిచింది. అతను ఎంత కాసి ఉన్నా ఫలితం మారేది కాదు.

మూడో స్థానంలో ఉంటే ముందున్న ఇద్దరూ తప్పితే మిగిలేది ఎంతో చూసుకుని, దాన్ని దాటేంత కాయాలి. మొదటి ఉదాహరణలో రెండో వారు ఉన్నదంతా కాసి తప్పితే, మొదటివారికి మిగిలే 9,999ని మీ 6,000తో దాటాలంటే కనీసం 4,000.

ఈ ఆలోచన రెండో రౌండులో చివరి డైలీ డబుల్ (బోర్డు మీద దాగి ఉండే, దొరికినవారు ఒక్కరే పందెం కాసి ఆడే క్లూ) దొరికినప్పుడే మొదలుకావాలి. బోర్డు మీద ఇంకేమీ మిగలని సమయంలో మీకు 12,000, పక్కవారికి 8,000 ఉంటే 4,001 కాయండి. నెగ్గితే 16,001తో ఆట ముగిసినట్టే. తప్పితే 7,999, వారికి ఒక డాలరు దూరంలోనే ఉంటారు.

క్లూని చదవడం

చివరి క్లూ కష్టంగా కనిపించినా అందులో జవాబుకు తీసుకెళ్లే మాట ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్ 2004 నవంబర్ 30న ఓడిన క్లూ సారాంశం ఇది: ఈ సంస్థకున్న 70,000 మంది సీజనల్ వైట్ కాలర్ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఏడాదికి నాలుగు నెలలే పనిచేస్తారు. ‘సీజనల్’ అనగానే క్రిస్మస్ పార్సిళ్లు గుర్తొస్తాయి. ఆయన ఫెడెక్స్ అని రాశాడు. కానీ పార్సిళ్ల పని వైట్ కాలర్ కాదు, పండగ రద్దీ నాలుగు నెలలూ ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కూర్చుని చేసే పని పన్ను రిటర్నులు. జవాబు హెచ్ అండ్ ఆర్ బ్లాక్, అమెరికాలో పన్ను కట్టే తెలుగువాళ్లకు చాలామందికి తెలిసిన పేరే.

హోల్జావర్ ఆటలో క్లూ షేక్‌స్పియర్ కాలం గురించి. ‘చిన్న గదిలో పెద్ద లెక్క’ అనే అర్థం వచ్చే నాటక వాక్యం ఏ రచయిత అకాల మరణాన్ని సూచిస్తుందని అడిగారు. ఆ వాక్యం తెలియకపోయినా ‘అకాల మరణం’ పట్టుకుంటే ఆ కాలంలో ముందుగా తట్టే పేరు క్రిస్టఫర్ మార్లో. 1593లో డెట్‌ఫర్డ్‌లో బిల్లు లెక్క దగ్గర జరిగిన గొడవలో చంపబడ్డాడు.

క్లూలో రెండు షరతులుంటే రెంటికీ సరిపోవాలి. 2011లో జెపర్డీ ఆడిన ఐబీఎం కంప్యూటర్ వాట్సన్‌కు వచ్చిన క్లూలో ఒక అమెరికా నగరంలోని పెద్ద విమానాశ్రయానికి రెండో ప్రపంచ యుద్ధ వీరుడి పేరు, రెండో పెద్దదానికి ఆ యుద్ధంలోని పోరాటం పేరు. ఓహేర్, మిడ్‌వే ఉన్నది షికాగోలో. యంత్రం టొరంటో అని రాసింది. కేటగిరీ ‘అమెరికా నగరాలు’ అని ముందే చెప్పినా, ఆ హద్దును వాడుకోలేదు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు యాడ్ బ్రేక్ దగ్గర వీడియో ఆపి, ముగ్గురి తరఫునా పందేలు కాగితం మీద వేయండి. మనసులో తీసివేత చేస్తే వందల స్థానంలో పొరపాటు వస్తుంది. జవాబు ప్రశ్న రూపంలోనే ఉండాలి కాబట్టి ‘హూ ఈజ్’ లేదా ‘వాట్ ఈజ్’ మొదట్లోనే పెట్టండి. స్పెల్లింగ్ తప్పినా ఉచ్చారణ మారకపోతే ఒప్పుకుంటారు. శబ్దం మారేలా ఒక అక్షరం ఎక్కువ పడితే కొట్టేస్తారు. ఇంటిపేరు ఒక్కటే సరిపోయేచోట మొదటి పేరు రాయకండి, అది తప్పయితే జవాబంతా పోతుంది.